మధ్యలో ఆగిన గట్టిమేళం

ఆ బుధవారం భార్గవ్ చేయవలసిన పనులు రెండు. పొద్దున బాపట్లలో ఒక పెళ్ళికి సన్నాయి ఊదాలి. సాయంత్రం రేపల్లె వెళ్ళి తన పెళ్ళి సంగతి మాట్లాడుకోవాలి. మొదటి పని అతను చిన్నప్పటినుంచి చేస్తున్నదే. రెండో పని కోసం చొక్కా కొని, ఇస్త్రీ చేయించి, నలగకుండా అట్టముక్క మీద మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాడు.

రేపల్లె అమ్మాయి పేరు నాగదుర్గ. తెనాలిలో కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. రోజూ పాసింజరు బండిలో వచ్చి వెళుతుంది. ఒకసారి అదే పెట్టెలో కూర్చుని భార్గవ్ కొత్త పీక సరిచూసుకుంటున్నాడు. పీక అంటే సన్నాయి మొనకు తగిలించి పెదాల మధ్య పెట్టుకునే రెల్లుముక్క. దాన్ని విడిగా ఊదితే బాతు అరిచినట్టు ఉంటుంది. "ఏవండీ, అది కాస్త ఆపుతారా? తలనొప్పిగా ఉంది," అంది నాగదుర్గ. భార్గవ్ ఆపాడు. వాళ్ళ ప్రేమలో సంగీతం పాత్ర అంతవరకే.

నాగదుర్గ తండ్రి జనార్దనరావు ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. సన్నాయి వాయించే కుర్రాడికి పిల్లనివ్వనని మొదట్లోనే చెప్పాడు. కులం, జీతం, ఇల్లు, ఇవేవీ ఆయన అభ్యంతరాలు కావు. "వాళ్ళకి ముందే ఎవరో ఒకమ్మాయి ఉంటుందమ్మా," అన్నాడు. నాగదుర్గ ఎండాకాలమంతా వాదించి, చివరికి ఆ బుధవారం సాయంత్రానికి ఒప్పించింది. "రమ్మను. కానీ సీరియల్ మొదలయ్యేలోపు మాట్లాడేసుకోవాలి," అన్నాడాయన.

ఆ సీరియల్ పేరు 'సన్నాయి చెప్పిన మాట'. అందులో స్వరూప్ అనే కుర్రాడు సన్నాయి వాయిస్తాడు. శ్రావ్య అనే పెద్దింటి అమ్మాయిని ప్రేమిస్తాడు. ప్రేమ సంగతి ఇద్దరూ పైకి చెప్పరు. వాద్యాలు చెబుతాయి. ఇద్దరి చూపులూ కలిస్తే ఎక్కడినుంచో సన్నాయి వినిపిస్తుంది. ఎవరైనా అబద్ధమాడితే శ్రుతి తప్పుతుంది. శ్రావ్యకు వేరే సంబంధం కుదిర్చి పీటల మీద కూర్చోబెట్టినప్పుడల్లా ఆ పెళ్ళికి మేళం స్వరూప్‌దే అవుతుంది. తాళి కట్టే సమయానికి పురోహితుడు చెయ్యెత్తుతాడు, గట్టిమేళం మొదలవుతుంది, సగంలో ఆగిపోతుంది. దాంతో పెళ్ళీ ఆగిపోతుంది. ఇలా శ్రావ్యకు ఇప్పటికి చాలా పెళ్ళిళ్ళు ఆగాయి.

గట్టిమేళం ఎందుకు వాయిస్తారో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. తాళి కట్టే క్షణంలో తుమ్ముగానీ, చెడ్డమాటగానీ ఎవరి చెవినా పడకూడదని సన్నాయి, డోలు కలిసి హోరెత్తిస్తాయి. ఆ హోరు వినగానే హాల్లో ఉన్నవాళ్ళు పీటల వైపు చూడకుండానే అక్షింతలు విసురుతారు. ఇన్ని తరాలుగా గట్టిమేళానికి ఉన్న అర్థం అదొక్కటే. సీరియల్ వచ్చాక ఇంకో అర్థం వచ్చి చేరింది. మేళం ఆగిందంటే పెళ్ళికూతురు మనసు మేళగాడి దగ్గర ఉందని.

తెనాలిలో మేళం పార్టీ నడిపే ఖాజా మొహిద్దీన్‌కు ఈ కొత్త అర్థంతో పెద్ద చిక్కు వచ్చింది. ఆయన తాత, తండ్రి, ఆయన, అందరూ ఆ చుట్టుపక్కల గుళ్ళలో, పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించినవాళ్ళే. ఇప్పటిదాకా బేరం మాట్లాడేవాళ్ళు ఎంతమంది వస్తారు, ఎంత తీసుకుంటారు అని అడిగేవారు. ఇప్పుడు "మీ పార్టీలో కుర్రాళ్ళు లేరు కదా?" అని అడుగుతున్నారు. బాపట్ల బట్టల వ్యాపారి భార్య కోటిరత్నం కూతురి పెళ్ళికి తాంబూలం ఇస్తూ ఈ ప్రశ్న వేసింది. "అందరం తల నెరిసినాళ్ళమే అమ్మా," అన్నాడు ఖాజా మొహిద్దీన్. ఆయన పక్కన రెండో సన్నాయి వాయించేది భార్గవ్. భార్గవ్ తల నెరవలేదు.

అందుకని బుధవారం పొద్దున ఖాజా మొహిద్దీన్ ఇంట్లో భార్గవ్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయన భార్య మున్నీ బీ అతని తలకు పౌడరు పట్టించింది. ఖాజా మొహిద్దీన్ తన పాత కళ్ళజోడు తీసి అతనికి పెట్టాడు.

"మేష్టారూ, ఏమీ కనపడట్లేదండి."

"చూడ్డానికేముందిరా అక్కడ? ఊదేది నోటితోగా."

"స్వరూప్ కూడా ఇట్టాగే ముసలి వేషం వేసుకునే పోయాడు, మొన్న పెళ్ళికి," అంది మున్నీ బీ, పౌడరు డబ్బా మూత పెట్టి భార్గవ్ సంచిలో వేస్తూ.

"శుభమా అని పెళ్ళికి పోతుంటే ఆ మాటలేంటే?" అన్నాడు ఖాజా మొహిద్దీన్. అని దవడ పట్టుకున్నాడు. రాత్రినుంచి ఆయనకు పన్ను సలుపుతోంది. రైలు చుండూరు దాటేసరికి దవడ వాచింది. బాపట్లలో దిగేసరికి నోరు తెరుచుకోవడం లేదు. సన్నాయి సంచి భార్గవ్ చేతికిచ్చి, తాను శ్రుతిపెట్టె తీసుకున్నాడు. మాట్లాడవలసి వస్తే పళ్ళ మధ్యనుంచి మాట్లాడుతున్నాడు.

కల్యాణ మండపంలో కోటిరత్నం మేళం వాళ్ళను స్వయంగా చూసుకుంది. డోలు వాయించే శాలేమురాజును పైనుంచి కిందికి చూసి ఊరుకుంది. శాలేమురాజుకు బట్టతల, పొట్ట ఉన్నాయి. భార్గవ్ దగ్గర ఆగింది.

"ఈయనెవరు?"

"మా పాత మనిషేనమ్మా," అన్నాడు ఖాజా మొహిద్దీన్ పళ్ళ మధ్యనుంచి. "చూపానదు. మాట కూడా తక్కువ."

"మూతి మీద మీసం నల్లగా ఉందే?"

"రంగేసుకున్నాడమ్మా. శుభకార్యమని."

కోటిరత్నం ముందుకు వెళ్ళింది. భార్గవ్ కూర్చుని మొదలుపెట్టాడు. సాధారణంగా ఇద్దరు వాయిస్తారు. ఒకరు ఊపిరి తీసుకుంటుంటే రెండోవారు అందుకుంటారు. ఆ రోజు అందుకునేవాళ్ళు లేరు. గణపతి పూజ దగ్గరనుంచి జీలకర్ర-బెల్లం దాకా అతనొక్కడే ఊదాడు. పీక నాని మెత్తబడింది. చెమటకు నుదుటి మీదినుంచి తెల్లటి చారలు దిగాయి. పీటల మీద పెళ్ళికొడుకు అభినవ్, పెళ్ళికూతురు ఉమారాణి అతనికి రెండు రంగుల మరకల్లా కనిపిస్తున్నారు. పెళ్ళికొడుకు వాళ్ళది చీరాల, వాళ్ళదీ బట్టల వ్యాపారమే. అంతకుమించి ఆ ఇద్దరి గురించి భార్గవ్‌కు ఏమీ తెలియదు.

ముహూర్తం దగ్గరపడింది. పురోహితుడి చెయ్యి కనపడకపోతే గట్టిమేళం ఎప్పుడు ఎత్తుకోవాలో తెలియదు. భార్గవ్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, పీటల వైపే చూస్తూ కూర్చున్నాడు. పురోహితుడు చెయ్యెత్తాడు. "గట్టిమేళం!" అన్నాడు. భార్గవ్ ఊపిరి పట్టి ఎత్తుకున్నాడు. శాలేమురాజు డోలు విరుచుకుపడింది. జనం అక్షింతలు విసిరారు. అభినవ్ మంగళసూత్రం పట్టుకుని వంగాడు. అప్పుడు పీక నిలువునా చీలింది.

సన్నాయి ఆగింది. డోలు ఆగనక్కర్లేదు, కానీ శాలేమురాజు కూడా ఆపేశాడు. ఎందుకు ఆపావని తర్వాత అడిగితే, రోజూ సాయంత్రం టీవీలో అక్కడే ఆగుతుంది కదా, చెయ్యి దానంతటదే ఆగిందన్నాడు.

చీలిన పీక తీసి ఇంకోటి తగిలించడానికి పెద్ద సమయం పట్టదు. సన్నాయికి దారంతో రెండు మూడు కట్టే ఉంటాయి. కానీ ఆ కాస్త సమయంలో హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. పెళ్ళికొడుకు తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. అందరూ మేళం వైపు తిరిగారు. అందరూ తిరిగారు కాబట్టి ఉమారాణి కూడా తిరిగింది. హోమం పొగకు ఆమె కళ్ళు అప్పటికే కారుతున్నాయి.

"ఏడుస్తోంది," అంది వెనక వరసలో ఎవరో ఒకావిడ.

కోటిరత్నం మండపం దిగి వచ్చింది. కళ్ళజోడు లేని భార్గవ్ మొహం చూసింది. వేలితో అతని తల మీద గీసింది. వేలు చూసుకుంది.

"పౌడరు," అంది.

"అమ్మగారూ, అది మా మేష్టారు..."

"వేషమేసుకొచ్చావా అబ్బాయ్? నా కూతురి పెళ్ళికి వేషమేసుకొచ్చావా?"

"ఆవిడెవరో నాకు తెలీదండీ!"

హాల్లో చాలామంది ఒకేసారి ఊపిరి తీసుకున్నారు. భార్గవ్ సీరియల్ చూడడు. పట్టుబడ్డ ప్రతిసారీ స్వరూప్ మొదట అనేది ఆ మాటేనని అతనికి తెలియదు.

"అమ్మా, ఆయనెవరో నాకూ తెలీదు," అంది ఉమారాణి పీటల మీదినుంచి.

"శ్రావ్య కూడా ముందు అంతే అంది," అంది పెళ్ళికొడుకు తల్లి.

"అత్తయ్యగారూ, కళ్ళలో పొగండీ..."

"ఆ పిల్ల నలక పడిందంది."

కోటిరత్నం భార్గవ్‌ను వదల్లేదు. "ఏం చదివావ్? ఎక్కడ చదివావ్?"

భార్గవ్ నిజం చెబితే మంచిదనుకున్నాడు. "బీకామండి. ఇక్కడే, బాపట్లలోనే."

కోటిరత్నం కుర్చీలో కూర్చుంది. ఉమారాణి చదివింది కూడా బాపట్లలోనే. తాను కాలేజీ వదిలాకే ఆ అమ్మాయి చేరి ఉంటుందని భార్గవ్ లెక్క చెప్పబోయాడు. లెక్క వినేవాళ్ళు లేరు. ఆ అమ్మాయి ఏ సంవత్సరం చేరిందో నీకెలా తెలుసని మాత్రం ఒకరు అడిగారు.

ఖాజా మొహిద్దీన్ లేచి చేతులు జోడించి ఏదో చెప్పాడు. దవడ వాపు వల్ల ఒక్క మాట ఎవరికీ అర్థం కాలేదు. "పాపం, గురువుగారికి నోట మాట రావట్లేదు," అన్నారు.

పురోహితుడు గడియారం చూసుకున్నాడు. ఆయనకు మధ్యాహ్నం ఇంకో పెళ్ళి ఉంది. "లగ్నం దాటిపోతోందమ్మా. అనుకునేవి తర్వాత అనుకోవచ్చు. కట్టేది కట్టించండి."

"ఈ మేళంతో కట్టించను," అంది కోటిరత్నం. "ఫోన్లో పెట్టండ్రా గట్టిమేళం."

పెళ్ళికూతురు మేనమామ ఫోను తీసి, వెతికి, హాలు స్పీకర్లకు కలిపాడు. గట్టిమేళం మోగింది. అభినవ్ మళ్ళీ వంగాడు. అక్షింతలు అయిపోయినవాళ్ళు కింద పడినవి ఏరుకుని విసిరారు. మేళం సగంలో ఆగింది. తర్వాత స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు "స్వరూప్!" అని కేక వేసింది. వెతికితే ముందుగా దొరికేది సీరియల్లోదేనని మేనమామకు తట్టలేదు.

పెళ్ళికొడుకు తల్లి పర్సు చేతిలోకి తీసుకుంది. "బస్సు డ్రైవరు టిఫిన్ చేశాడేమో కనుక్కోండి," అని భర్తతో అంది. చీరాల వాళ్ళు లేవడం మొదలుపెట్టారు.

అప్పటిదాకా నోరెత్తని అభినవ్, మంగళసూత్రం చేతిలో అలాగే ఉండగా అన్నాడు: "అమ్మా, ఆయన్నే పూర్తిగా వాయించమను. పూర్తిగా వాయిస్తే ఇంకేం లేనట్టేగా."

లేచిన చీరాల వాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. కోటిరత్నం భార్గవ్ ముందుకు వచ్చి నిలబడింది. ఆవిడ ఇద్దరు మరుదులు అతని రెండు పక్కలా నిలబడి చెరో భుజం పట్టుకున్నారు.

"మధ్యలో ఆపావో, బాపట్ల దాటవు."

భార్గవ్ కొత్త పీక తగిలించాడు. పురోహితుడు మూడోసారి చెయ్యెత్తాడు. భార్గవ్ ఊదాడు. అంత బాగా అతను ఎప్పుడూ ఊదలేదు. తాళి పడింది. అక్షింతలు పడ్డాయి. భుజాలు పట్టుకున్నవాళ్ళు వదల్లేదు కాబట్టి అతను ఆపలేదు. తలంబ్రాలు అయ్యాయి. అతను ఊదుతూనే ఉన్నాడు. మెడ నరాలు లేచాయి. కళ్ళవెంట నీళ్ళు కారాయి. శాలేమురాజు చేతులు పడిపోయాక గానీ అది ఆగలేదు.

మొదటి బంతి భోజనాలు మొదలయ్యాయి. జనం భార్గవ్ దగ్గరకు వచ్చి వెళుతున్నారు. ఒక పెద్దాయన అతని తల నిమిరి వెళ్ళాడు. వెనక వరసలో కూర్చున్న ఆవిడ కారప్పూస పొట్లం తెచ్చి ఒళ్ళో పెట్టింది. "తినయ్యా. ప్రేమంటే నీది," అంది.

ఎవరో వీడియో తీశారు. 'ప్రేమించిన అమ్మాయి పెళ్ళికి కన్నీళ్ళతో గట్టిమేళం' అని పేరు పెట్టారు. భార్గవ్ వాయించినదాన్ని తీసేసి, దాని బదులు సీరియల్లో స్వరూప్ సన్నాయి పెట్టారు. జన్మలో ఎన్నడూ వాయించనంత బాగా వాయించినది అలా పోయింది. మిగిలింది ఏడుపు మొహం.

బాపట్లనుంచి తెనాలి రైలు కదలగానే నాగదుర్గ ఫోన్ చేసింది.

"ఎవరండీ ఆ అమ్మాయి?"

"నాగదుర్గా, నీ మీదొట్టు, పీక చీలింది."

"చీలకుండా ఎట్టా ఉంటుందిలెండి, అంత ప్రేమ." ఆమె నవ్వు ఆపుకోవడం వినిపించింది. తర్వాత నవ్వు పోయింది. "నాన్న ఆ వీడియో చూస్తూనే ఉన్నారు. అయిపోతే మళ్ళీ మొదట్నుంచి పెడుతున్నారు."

"ఏమంటున్నారు?"

"ఏమీ అనట్లేదు. అన్నం తినలేదు."

"మానేసి ఇంకోరోజు రానా?"

"ఈ రోజు రాకపోతే ఇంకోరోజు లేదండి. పల్నాడులో ఎవరో టీచరు సంబంధం, ఆదివారం వస్తారట. మీ సంగతి తేలాకే వాళ్ళకి కబురు చెప్తానన్నారు. రండి. వచ్చి ఉన్నదున్నట్టు చెప్పండి."

తెనాలి స్టేషన్లో భార్గవ్ మొహం కడుక్కున్నాడు. కొత్త చొక్కా తీశాడు. సంచిలో పౌడరు డబ్బా మూత ఊడి ఉంది. చొక్కా దులిపి తొడుక్కుని రేపల్లె బండి ఎక్కాడు. ఎదురు సీట్లో కూర్చున్నామె ఫోను చూసి, అతన్ని చూసి, మళ్ళీ ఫోను చూసి, కిటికీ పక్క చోటు అతనికి ఇచ్చింది.

జనార్దనరావు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. అరుస్తాడనుకున్నాడు భార్గవ్. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"కాఫీ తాగు బాబూ. పొద్దుటినుంచి ఏమీ తిని ఉండవు."

"కారప్పూస తిన్నానండి."

"అట్టాగే ఉంటుంది. ఏది తిన్నామో తెలీదు." జనార్దనరావు వంగి భార్గవ్ జుట్టులోంచి ఒక అక్షింత తీశాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఆ అమ్మాయి పెళ్ళిదే కదా."

"అవునండి. కానీ ఆ అమ్మాయెవరో నాకు తెలీదండి. ఇదిగో చూడండి," అని భార్గవ్ జేబులోంచి చీలిన పీక తీసి ఆయన ముందు పెట్టాడు.

"స్వరూప్ కూడా చూపించాడు బాబూ. వాళ్ళ గురువుగారికి. తనే చీల్చుకుని, దానంతటదే చీలిందన్నాడు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాగదుర్గ అందుకుంది. "నాన్నా, ఆయన సీరియల్ చూడరు. చూస్తే ఇంకాస్త మంచి అబద్ధం చెప్పేవాళ్ళు."

"నువ్వుండమ్మా." జనార్దనరావు కళ్ళు తుడుచుకున్నాడు. "బాబూ, పొద్దుటిదాకా నువ్వంటే నాకు పడదు. ఇప్పుడు నీలాంటివాడు ఉండడనిపిస్తోంది. ప్రేమించిన పిల్ల మెళ్ళో ఇంకొకడు తాళి కడుతుంటే, సొంత ఊపిరి పోసి మేళం వాయించావు. ముప్ఫయ్యేళ్ళు బస్సులో రకరకాల మనుషుల్ని చూశాను. ఇట్టాంటివాణ్ణి చూళ్ళేదు."

"అయితే మరి..."

"అందుకే నా కూతుర్ని నీకివ్వలేను. మనసక్కడ పెట్టుకున్నవాడికి పిల్లనిచ్చి నీ గొంతు కొయ్యలేను, దాని గొంతూ కొయ్యలేను."

భార్గవ్ నేల చూశాడు. కోపంతో కాదంటే ఏదో ఒక జవాబు ఉండేది. ఈయన ఏడుస్తూ కాదంటున్నాడు. నిజం చెప్పాడు. సాక్ష్యం చూపించాడు. ఇక అతని దగ్గర ఏమీ లేదు. చొక్కా మీదినుంచి పౌడరు రాలి కాఫీ గ్లాసులో పడింది. వెళ్ళొస్తానని లేచాడు.

అప్పుడు ఇంటి ముందు కారు ఆగింది. ముందు సీటులోంచి దవడకు తువ్వాలు కట్టుకున్న ఖాజా మొహిద్దీన్ దిగాడు. వెనకనుంచి పెళ్ళి చీరతోనే కోటిరత్నం దిగింది. భార్గవ్ గోడకు ఆనుకున్నాడు.

"ఇతను ఈ ఇంట్లో పిల్లని అడుగుతున్నాడని వీళ్ళ మేష్టారు చెప్పారండి," అంది కోటిరత్నం జనార్దనరావుతో. "చెప్పలేదులెండి. కాగితం మీద రాశారు. అన్నయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. పిల్లనిచ్చేయండి."

"కూర్చోండమ్మా. ఎందుకని మీరు..."

"మా వియ్యపురాలు అమ్మాయిని తీసుకెళ్తూ ఒక మాటంది. ఆ సన్నాయి కుర్రాడికి పెళ్ళయ్యేదాకా నాకు నిద్ర పట్టదు కోటిరత్నమ్మా అంది. కొత్త కాపురం. అత్తగారికి నిద్ర పట్టకపోతే కోడలికి పడుతుందా? ఈయన ఇట్టా పెళ్ళీ పెటాకులూ లేకుండా సన్నాయి పట్టుకుని తిరుగుతుంటే, చీరాలలో ఏ పెళ్ళిలో మేళం మోగినా మా అమ్మాయి వంకే చూస్తారు."

"అది నిజమే," అన్నాడు జనార్దనరావు. "కానీ ఒక ఆడపిల్ల తండ్రిగా నేను..."

"నేనూ ఆడపిల్ల తల్లినే అన్నయ్యగారూ."

జనార్దనరావు ఎటూ తేల్చుకోలేకపోయాడు. టీవీ వైపు చూశాడు. సీరియల్ టైము అవుతోంది. నాగదుర్గ ముందుకు వచ్చింది. రిమోటు తీసుకుని తన చేతిలో పెట్టుకుంది.

"నాన్నా, ఒకటడుగుతాను. ఆ స్వరూప్‌కి ఎవరైనా పిల్లనిచ్చారా?"

"లేదు. ఎవరిస్తారమ్మా?"

"ఇవ్వలేదు కాబట్టే కదా, వాడు ప్రతి పెళ్ళికీ సన్నాయి ఎత్తుకుని బయల్దేరుతున్నాడు. ఎవరో ఒకాయన మొదట్లోనే పిల్లనిచ్చుంటే శ్రావ్య కాపురం చేసుకునేది, వాడి పెళ్ళామూ సుఖపడేది, మీరూ పెందలాడే అన్నం తినేవాళ్ళు."

 సీరియల్ మొదలైనప్పటినుంచి ఈ కోణంలో జనార్దనరావు ఆలోచించలేదు.

"ఇవ్వాల్సింది," అన్నాడు చివరికి. "ఆ పిల్ల బాబాయి ఒకాయన ఉన్నాడు, ఆయనకో కూతురు కూడా ఉంది. ఇచ్చుండాల్సింది."

కోటిరత్నం భార్గవ్ వైపు తిరిగింది. "అబ్బాయ్, నువ్వు పెద్దల ముందు ఒక మాటివ్వాలి. మా ఉమారాణిని మర్చిపోతానని."

"అమ్మగారూ, అసలు నేను ఆవిణ్ణి ఎప్పుడూ..." అని భార్గవ్ మొదలుపెట్టాడు. నాగదుర్గ అతని వైపు చూసింది. నిజం అప్పటికే రెండూళ్ళలో చెప్పి చూశాడు. దాంతో బాపట్లలో భుజాలు నొప్పిపుట్టాయి, రేపల్లెలో పెళ్ళి తప్పిపోయింది. ఖాజా మొహిద్దీన్ తువ్వాలు వెనకనుంచి తల ఊపాడు.

"ఏవండీ, మర్చిపోతారా లేదా?" అంది నాగదుర్గ.

"మర్చిపోతానండి," అన్నాడు భార్గవ్.

"ఒట్టు?"

"ఒట్టండి. ఈ క్షణంనుంచి గుర్తులేదండి."

కోటిరత్నం కళ్ళు ఒత్తుకుంది. జనార్దనరావు భార్గవ్ వీపు నిమిరాడు. "కష్టమే బాబూ. నెమ్మదిగా మర్చిపోదువుగాని. మా అమ్మాయి ఓపికైంది."

శ్రావణంలో రేపల్లెలోనే పెళ్ళి జరిగింది. ఖాజా మొహిద్దీన్ పన్ను పీకించుకున్నాడు కాబట్టి మేళం ఆయనదే. కోటిరత్నం ముందు వరసలో కూతుర్ని, అల్లుణ్ణి, వియ్యపురాలిని పక్కపక్కనే కూర్చోబెట్టింది. పెళ్ళికి ముందు శాలేమురాజు చేత, ఏం జరిగినా డోలు ఆపనని ఒట్టు వేయించారు. నాగదుర్గ దూది తెచ్చుకుని, మేళం మొదలవగానే చెవుల్లో పెట్టుకుంది. అది జనార్దనరావు చూశాడు. పెళ్ళికొడుకు పాత జ్ఞాపకాలు తన చెవిన పడకుండా జాగ్రత్తపడుతోందనుకున్నాడు.

పురోహితుడు మంగళసూత్రం భార్గవ్ చేతికిచ్చి, చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నాడు. పదమూడో ఏటినుంచి ఆ మాట విన్నప్పుడల్లా చేసిన పనే భార్గవ్ చేతులు చేశాయి. మంగళసూత్రం పళ్ళెంలో పెట్టేసి, పక్కనుండే సన్నాయి కోసం చాచుకున్నాయి. పక్కన సన్నాయి లేదు, నాగదుర్గ మోచెయ్యి ఉంది. అది అతన్ని పొడిచింది. మేళం మోగుతూనే ఉంది. భార్గవ్ మంగళసూత్రం మళ్ళీ తీసుకుని కట్టాడు.

జనార్దనరావు కండువాతో కళ్ళు తుడుచుకుని, ముందు వరసలోని కోటిరత్నం వైపు వంగాడు. "ఇంకా మర్చిపోలేదండి, పాపం," అన్నాడు.